ఢిల్లీ–లాహోర్: గంట దూరం, గల్ఫ్ మీదుగా

ఢిల్లీ విమానాశ్రయానికీ లాహోర్ విమానాశ్రయానికీ మధ్య గగనమార్గాన ఉన్న దూరం సుమారు 420 కిలోమీటర్లు. శంషాబాద్ నుంచి రేణిగుంటకు కూడా ఇంచుమించు అంతే. హైదరాబాద్‌లో తెల్లవారుజామున విమానమెక్కి, తిరుమల కొండ మీద దర్శనం ముగించుకుని, రాత్రికి ఇల్లు చేరే తెలుగువారు ఎందరో ఉన్నారు. విమానంలో గడిపేది గంటా, గంటా పది నిమిషాలు. అదే దూరంలో ఉన్న లాహోర్‌కు ఢిల్లీ నుంచి నేరుగా పోయే విమానం ఒక్కటీ లేదు. 2019 వరకు పాకిస్తాన్ ఇంటర్నేషనల్ ఎయిర్‌లైన్స్ విమానం అరకొరగా నడిచేది, అదీ ఆగిపోయింది. ఇప్పుడు ఆ నగరానికి వెళ్ళక తప్పనివారు దుబాయ్‌కో, దోహాకో పోయి అక్కడ విమానం మారాలి. దుబాయ్ దాకా దాదాపు 2,190 కిలోమీటర్లు, అక్కడి నుంచి మళ్ళీ తూర్పుకు మళ్ళి లాహోర్ దాకా మరో 1,980. అంటే 420 కిలోమీటర్ల దూరం దాదాపు 4,170 అవుతుంది. గంట ప్రయాణం, మధ్యలో నిరీక్షణతో కలిపి, పది గంటలకు చేరుతుంది.

అమృత్‌సర్ విషయం మరీ విడ్డూరం. అక్కడి విమానాశ్రయానికీ లాహోర్ విమానాశ్రయానికీ మధ్య నలభై అయిదు కిలోమీటర్లు కూడా లేవు. విమానం నేలనుంచి లేచి తగిన ఎత్తుకు చేరేలోపే మళ్ళీ దిగవలసిన దూరమది.

రెండు నగరాల మధ్య దూరం చెప్పే పట్టికలు భూగోళం మీద ఆ రెండు బిందువులను కలిపే అతి చిన్న చాపాన్ని కొలుస్తాయి. సమయం లెక్కలో దూరంతో పాటు ఎక్కే దిగే వ్యవధి, రన్‌వే దాకా పాకే వ్యవధి, ఎదురుగాలి కలుస్తాయి. పడమటికి పోయే విమానానికి గాలి అడ్డు, తూర్పుకు వచ్చేదానికి తోడు. కనుకనే అమెరికా పోవడానికీ రావడానికీ పట్టే గంటలు సమానంగా ఉండవు. ఇవన్నీ ప్రకృతి పెట్టిన లెక్కలు. దక్షిణాసియాలో వీటికి మించిన మరో లెక్క ఉంది. అది ప్రభుత్వాల చేతిలో ఉంది, తరచూ మారుతుంది, మారిన ప్రతిసారీ మూల్యం చెల్లించేది ప్రయాణికుడే.

2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. మరునాడు భారత్ సింధు జలాల ఒప్పందాన్ని నిలుపుదలలో ఉంచింది, అటారీ సరిహద్దు ద్వారాన్ని మూసింది. 24వ తేదీన పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసివేసింది. 30వ తేదీన భారత్ కూడా అదే పని చేసింది. మొదట మే 23 వరకని ప్రకటించారు. తర్వాత ప్రతి నెలా మూడో వారంలో ఇరుపక్షాలూ వైమానికులకు నోటీసులు వెలువరిస్తూ గడువును మరో నెలకు జరుపుతూ వచ్చాయి. 2025 సంవత్సరం ముగిసేదాకా ఒక్క నెలా తప్పలేదు. నెల తిరగ్గానే ఒక రాజధాని పొడిగిస్తుంది, ఒకటి రెండు రోజుల్లో రెండో రాజధాని అనుసరిస్తుంది. యుద్ధనీతి నిర్ణయంగా మొదలైనది కార్యాలయపు గుమాస్తాపనిగా మిగిలింది.

ఇక్కడ ఒక విషయాన్ని స్పష్టంగా చూడవలసి ఉంది. మూసింది గగనతలాన్ని కాదు. అదే ఆకాశంలో గల్ఫ్ సంస్థల విమానాలు తిరుగుతూనే ఉన్నాయి, యూరప్ విమానాలూ పోతూనే ఉన్నాయి. ఒకే సాయంత్రం ఢిల్లీ నుంచి పడమటికి బయల్దేరిన రెండు విమానాల్లో విదేశీ సంస్థది లాహోర్ మీదుగా సూటిగా పోతుంది. భారతీయ సంస్థది గుజరాత్ దాకా దిగి, అరేబియా సముద్రం చుట్టి, ఆపైన ఉత్తరానికి తిరగాలి. లోపల కూర్చున్న ప్రయాణికులు రెండింటిలోనూ భారతీయులే. నిషేధం విమానం ఎవరి సొత్తన్న దానిమీదే తప్ప, అందులో ఎవరున్నారన్న దానిమీద కాదు.

ఈ లెక్కలో నష్టపోయేదెవరు? 2019లో బాలాకోట్ దాడి తరువాత పాకిస్తాన్ ఫిబ్రవరి 27 నుంచి జులై 16 వరకు, దాదాపు నాలుగున్నర నెలలపాటు గగనతలాన్ని మూసింది. అప్పటి పౌరవిమానయాన మంత్రి హర్‌దీప్ సింగ్ పురి రాజ్యసభకు చెప్పిన అంకెల ప్రకారం ఎయిర్ ఇండియాకు జులై 2 నాటికే 491 కోట్ల రూపాయల నష్టం వచ్చింది. నాలుగు భారతీయ సంస్థలకూ కలిపితే ఆ మొత్తం 549 కోట్లకు చేరువైంది. నాడు ఎయిర్ ఇండియా ప్రభుత్వానిది, కనుక ఆ నష్టం పన్ను కట్టేవారిది. 2022 జనవరిలో అది టాటాల చేతికి తిరిగి వెళ్ళింది. 2025లో ఆ సంస్థ ఏడాది పాటు మూసివేత సాగితే తనకు సుమారు 60 కోట్ల డాలర్ల భారం పడుతుందని అంచనా కట్టి, ప్రభుత్వ సాయం కోరింది. అమెరికా పోయే విమానాలను ఇంధనం కోసం వియన్నాలోనో కోపెన్‌హాగన్‌లోనో దించవలసి వచ్చింది. సెప్టెంబరు 1 నుంచి ఢిల్లీ–వాషింగ్టన్ విమానాన్నే ఆపేశారు. మరమ్మతులకు పోయిన విమానాల కొరతతో పాటు పాక్ మూసివేతనూ కారణంగా చెప్పారు. ఇండిగో అల్మాటీ, తాష్కెంట్ సర్వీసులను నిలిపివేసింది. ఢిల్లీ నుంచి తాష్కెంట్ 1,600 కిలోమీటర్లకు లోపే. అయినా చుట్టుదారిన పోతే ఆ సంస్థ దగ్గరున్న విమానాలకు అందని దూరమైపోయింది. మధ్య ఆసియాతో అనుసంధానం గురించి ఢిల్లీలో ఏటా జరిగే సదస్సుల్లో ఈ సంగతి ఎంతమంది ప్రస్తావించారో చూడాలి.

పాకిస్తాన్ లాభపడిందా అంటే అదీ లేదు. ఏప్రిల్ 24 నుంచి జూన్ 30 వరకు, గగనతల రుసుముల రూపంలో రావలసిన ఆదాయంలో 410 కోట్ల పాకిస్తానీ రూపాయలకు పైగా తగ్గిందని ఆ దేశ రక్షణశాఖే తన జాతీయ అసెంబ్లీకి తెలిపింది. సార్వభౌమత్వం ముందు డబ్బు లెక్కకాదని కూడా ఆ జవాబులోనే చెప్పింది. భారత్ విధించిన ప్రతినిషేధం తూకంలో మాత్రం సమానం కాదు. పాకిస్తానీ సంస్థల విమానాలు కొద్ది, వాటిలో తూర్పుదిక్కుకు పోయేవి మరీ కొద్ది. ఉత్తర భారతం నుంచి పడమటికి పోయే భారతీయ విమానాలు అంతకు ఎన్నోరెట్లు. దెబ్బకు దెబ్బ అన్న మాట వినసొంపుగా ఉంటుంది. ఈ దెబ్బల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, పెద్దది తగులుతున్నది ఢిల్లీకి. మిగులు ఏమన్నా ఉంటే అది దుబాయ్, దోహా, ఇస్తాంబుల్ విమానాశ్రయాల పద్దులో పడుతోంది. దక్షిణాది నగరాల నుంచి గల్ఫ్‌కు పోయే విమానాలు అరేబియా సముద్రం మీదుగానే పోతాయి కనుక హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవారికి ఈ సెగ అంతగా తాకలేదు. ఢిల్లీలో విమానం మారి అమెరికాలోని పిల్లల దగ్గరకు పోయే తెలుగు తల్లిదండ్రులకు మాత్రం ఆ అదనపు గంటలూ, నడుమ ఆగే అవస్థా బాగా తెలుసు.

ఈ ఆయుధం కొత్తది కాదు. దీన్ని మొదట ఎవరు వాడారన్న ప్రశ్నకు ఇద్దరూ వాడారన్నదే జవాబు. 1952లోనే భారత్ అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ మండలికి ఫిర్యాదు చేసింది. పాకిస్తాన్ తన పశ్చిమ సరిహద్దు వెంట నిషిద్ధ ప్రాంతాన్ని ప్రకటించి, ఢిల్లీ–కాబూల్ విమానాలను అడ్డుకుంటోందన్నది ఆ ఫిర్యాదు. అప్పట్లో సంప్రదింపులతో దారులు తెరుచుకుని వివాదం సమసిపోయింది.

అసలు ఘట్టం 1971లో వచ్చింది. జనవరి 30న శ్రీనగర్ నుంచి బయల్దేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఫోకర్ విమానం ‘గంగా’ను ఇద్దరు యువకులు లాహోర్‌కు దారిమళ్ళించారు. ప్రయాణికులు క్షేమంగా తిరిగివచ్చారు, విమానాన్ని తగలబెట్టారు. ఫిబ్రవరి 4న భారత్ పాకిస్తానీ విమానాలన్నింటికీ తన గగనతలాన్ని మూసింది. ఆనాడు పాకిస్తాన్ రెండు ముక్కలుగా ఉన్న దేశం. కరాచీ నుంచి ఢాకాకు సూటిదారి సుమారు 2,370 కిలోమీటర్లు, దాదాపు అంతా భారత్ మీదుగానే. ఆ దారి మూసుకుపోయాక విమానాలు ద్వీపకల్పమంతా చుట్టి కొలంబోలో ఇంధనం నింపుకుని బంగాళాఖాతం మీదుగా ఢాకా చేరవలసి వచ్చింది. దూరం రెట్టింపైంది. మార్చి నెలలో పశ్చిమం నుంచి తూర్పుకు సైనికులను సాధారణ దుస్తుల్లో తరలించినది ఈ చుట్టుదారినే. డిసెంబరు యుద్ధంలో ఆ దూరం ఎంత పనిచేసిందో చరిత్రకారులు విస్తారంగానే రాశారు.

ఆనాడు మండలి గడప తొక్కింది పాకిస్తాన్. చికాగో ఒడంబడికను, దానితోపాటు ఉన్న గగనయాన ఒప్పందాన్ని భారత్ ఉల్లంఘించిందన్నది దాని వాదన. విమాన అపహరణను ప్రోత్సహించిన దేశంతో ఆ ఒప్పందాలు ఇక అమలులో లేవనీ, కనుక మండలికి విచారణాధికారమే లేదనీ భారత్ వాదించి, హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళింది. 1972 ఆగస్టు 18న న్యాయస్థానం భారత్ అప్పీలును తిరస్కరించి, మండలికి అధికారం ఉందని తేల్చింది. అసలు వివాదం మాత్రం మండలిలో తేలలేదు. 1976లో రెండు దేశాలు రాజీపడటంతో దానంతటదే ముగిసింది. ఈ కథలో పేర్లు అటుదిటు మారిస్తే 2025 నాటి వాదనలు ఇంచుమించు అలాగే కనిపిస్తాయి. 1971లో ఢిల్లీ సార్వభౌమ హక్కుగా చెప్పినదాన్నే నేడు ఇస్లామాబాద్ చెబుతోంది. ఇస్లామాబాద్ ఆనాడు ఉల్లంఘన అన్నదాన్ని ఢిల్లీ 2019లో అదే సంస్థ ముందుకు తీసుకుపోయింది.

1976లో విమానాలతో పాటు సంఝౌతా ఎక్స్‌ప్రెస్ కూడా మొదలైంది. పార్లమెంటు మీద దాడి తర్వాత 2002 జనవరి 1న గగనతలం మళ్ళీ మూసుకుంది, సరిగ్గా రెండేళ్ళకు 2004 జనవరి 1న తెరుచుకుంది. వాజపేయి 1999 ఫిబ్రవరిలో ఎక్కి వెళ్ళిన లాహోర్ బస్సూ, ఆ రైలూ 2019 ఆగస్టులో ఆగిపోయాయి, ఇప్పటికీ కదలలేదు.

నాయకుల విమానాల సంగతి వేరు. 2015 డిసెంబరు 25న ప్రధాని మోదీ కాబూల్ నుంచి తిరిగివస్తూ హఠాత్తుగా లాహోర్‌లో దిగారు. నవాజ్ షరీఫ్ పుట్టినరోజునాడు ఆయన ఇంటికి వెళ్ళి, సాయంత్రానికి ఢిల్లీ చేరారు. లాహోర్–ఢిల్లీ దూరం నిజంగా ఎంతో దేశమంతా ఆనాడు టీవీల్లో చూసింది. నాలుగేళ్ళు తిరగకుండానే, 2019 జూన్‌లో బిష్కెక్ సదస్సుకు వెళ్ళేందుకు అదే ప్రధాని విమానం ఒమన్, ఇరాన్ చుట్టూ పోయింది. ఆ ఏడాది సెప్టెంబరులో ఐస్‌లాండ్ పోతున్న రాష్ట్రపతి కోవింద్ విమానానికీ, అమెరికా పోతున్న ప్రధాని విమానానికీ పాకిస్తాన్ అనుమతి నిరాకరించింది. 2021లో అమెరికా ప్రయాణానికి మళ్ళీ దారి దొరికింది. 2025 ఏప్రిల్ 22న జెద్దా వెళ్ళేటప్పుడు పాక్ మీదుగానే పోయిన విమానం, పహల్గామ్ వార్త అంది తిరిగివచ్చేటప్పుడు సముద్రం మీదుగా వచ్చింది. ఒకే విమానం పోవడానికీ రావడానికీ మధ్య ఒక శకం మారింది.

సామాన్యుడి విమానానికి ఇంత చర్చ కూడా ఉండదు. 2021 అక్టోబరులో శ్రీనగర్ నుంచి షార్జాకు నేరుగా విమానం మొదలైంది; పదకొండేళ్ళ తర్వాత కశ్మీర్ లోయకు దక్కిన అంతర్జాతీయ సర్వీసని కేంద్రం ఘనంగా చాటింది. కొద్దిరోజులకే పాకిస్తాన్ అనుమతి ఉపసంహరించింది. ఆ విమానం ముందు దక్షిణానికి గుజరాత్ దాకా దిగి, అక్కడినుంచి పడమటికి తిరగవలసి వచ్చింది. కశ్మీరీల హక్కుల కోసం నిత్యం గళమెత్తే దేశం, కశ్మీరీలు గల్ఫ్‌లోని కొలువులకు తొందరగా చేరే దారిని మూయడంలో వైరుధ్యమేదీ చూడలేదు.

వేళ్ళన్నీ పొరుగువారి వైపే చూపడమూ న్యాయం కాదు. నేపాల్‌తో యుద్ధం లేదు, శత్రుత్వం లేదు. భైరహవాలో గౌతమ బుద్ధ అంతర్జాతీయ విమానాశ్రయం 2022 మేలో తెరుచుకుంది, పోఖరాలో చైనా రుణంతో కట్టినది 2023 జనవరిలో మొదలైంది. రెండూ అంతర్జాతీయ విమానాల కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉండిపోయాయి. భారత్ వైపునుంచి వచ్చే విమానాలు ప్రధానంగా తూర్పున ఉన్న సిమరా మీదుగా ప్రవేశించి మళ్ళీ పడమటికి పోవాలి. పశ్చిమాన మహేంద్రనగర్ వంటి చోట్ల ప్రవేశమార్గాలు ఇవ్వమని కాఠ్మండూ ఏళ్ళ తరబడి అడుగుతోంది. 2023లో ప్రధాని ప్రచండ ఢిల్లీ వచ్చినప్పుడూ అడిగారు. రక్షణ కారణాలు నిజమే కావచ్చు. చైనా కట్టిందన్న అలుకే అసలు కారణమన్న అభిప్రాయం మాత్రం ఆ దేశంలో బలపడుతోంది, దాన్ని పోగొట్టే ప్రయత్నం ఢిల్లీ పెద్దగా చేయలేదు.

ఇదంతా డబ్బు, ప్రతిష్ఠల లెక్క. ప్రాణాల లెక్క 2025 మే 21 సాయంత్రం వచ్చింది.

ఆరోజు ఢిల్లీ నుంచి శ్రీనగర్ పోతున్న ఇండిగో విమానంలో 220 మందికి పైగా ఉన్నారు. తృణమూల్ కాంగ్రెస్ ప్రతినిధి బృందమూ అందులోనే ఉంది. పఠాన్‌కోట్ సమీపంలో 36 వేల అడుగుల ఎత్తున ఎదురుగా ఉరుముల మేఘం కనిపించింది. పౌరవిమానయాన డైరెక్టరేట్ వెలువరించిన ప్రకటన ప్రకారం, పైలట్లు ఎడమకు, అంటే అంతర్జాతీయ సరిహద్దు వైపు కొంత మళ్ళడానికి మొదట భారత వాయుసేన నియంత్రణ కేంద్రాన్ని అనుమతి అడిగారు. దొరకలేదు. పాకిస్తాన్ గగనతలంలోకి కొద్దిసేపు ప్రవేశించడానికి లాహోర్‌ను అడిగారు. అక్కడా దొరకలేదు. వెనక్కి తిరగాలని చూసేసరికి మేఘం మీదికి వచ్చేసింది. దానిలోకే పోయారు. వడగళ్ళు, తీవ్రమైన కుదుపులు. వేగం చూపే సూచికలు నమ్మదగినవిగా లేవు, ఆటోపైలట్ జారిపోయింది. ఒక దశలో విమానం నిమిషానికి 8,500 అడుగుల వేగంతో కిందికి పడిపోయింది. ఆ వేగాన నేల నాలుగు నిమిషాలకు కాస్త పైబడిన దూరంలో ఉంది. పైలట్లు చేతులతో విమానాన్ని నడిపి, మేఘం దాటాక శ్రీనగర్‌కు అత్యవసర సందేశం పంపి, క్షేమంగా దించారు. ఎవరికీ గాయాలు కాలేదు. విమానం ముక్కు పగిలిన ఫొటోలు దేశమంతా చూసింది.

ఆ వారమంతా చర్చ ఒక్కదాని చుట్టూ తిరిగింది: లాహోర్ నిరాకరించింది. అది నిజం, అది అమానుషం కూడా. మొదటి నిరాకరణ మాత్రం ఎవరి నోటా రాలేదు. వాయుసేనకు తన కారణాలు ఉన్నాయి. నిషేధపు నోటీసు అమల్లో ఉండగా, కాల్పుల విరమణ జరిగి రెండు వారాలైనా కాకముందు, సరిహద్దు వైపు పోతున్న పెద్ద విమానాన్ని అవతలి రాడార్ ఎలా చదువుతుందో ఎవరూ చెప్పలేరు. లాహోర్‌ను సంప్రదించేందుకు ఫ్రీక్వెన్సీలు ఇచ్చి సహకరించామని వాయుసేన వర్గాలు చెప్పాయి. తప్పు ఆ గదుల్లో కూర్చున్న ఉద్యోగులది కాదు. వారి చేతిలో ఉన్న కాగితంలో ‘వాతావరణం’ అన్న మాట లేదు. చికాగో ఒడంబడిక 25వ అధికరణం ఆపదలో ఉన్న విమానానికి వీలైన సాయం చేయాలంటుంది. కానీ పైలట్లు దారి అడిగిన ఆ నిమిషానికి విమానం ఇంకా ఆపదలో లేదు, ఆపద వైపు పోతోంది. చట్టానికి, మేఘానికి మధ్య ఉన్న ఆ ఖాళీలో 220 మంది ఇరుక్కున్నారు.

ఉగ్రవాదాన్ని పోషించే దేశంతో సౌకర్యాలేమిటన్న ప్రశ్నకు బరువుంది. పహల్గామ్‌లో భర్తలను, కొడుకులను పోగొట్టుకున్న కుటుంబాల ముందు టికెట్ ధరల గురించీ, ఇంధన వ్యయం గురించీ మాట్లాడటం ఎబ్బెట్టుగానే ఉంటుంది. సరిహద్దు దాటి వచ్చే హింసకు మూల్యం ఉండాలన్న దానిలో ఢిల్లీలో ఏ పక్షానికీ భేదాభిప్రాయం లేదు. అయితే మూల్యం ఎవరు చెల్లిస్తున్నారన్నది చూడాలి. ఉగ్రవాద శిబిరాలు నడిపేవారు ఢిల్లీ–వాషింగ్టన్ విమానం ఎక్కరు. రావల్పిండి సైన్యాధికారులకు గగనతల రుసుముల తగ్గుదల వల్ల జీతం ఆగలేదు. పైగా ఈ మూసివేతను మొదలుపెట్టింది పాకిస్తాన్. భారత్ చేసింది ప్రతిధ్వని. ప్రతినెలా పొడిగించే ముందు ఈ చర్య వల్ల శత్రువుకు ఎంత, మనకు ఎంత అన్న లెక్క పార్లమెంటు ముందుకు రావాలి. 2019లో కనీసం రాజ్యసభలో ఒక ప్రశ్న, అంకెలతో ఒక జవాబు వచ్చాయి.

హైదరాబాద్‌కు ఈ కథతో మరో పాత సంబంధం ఉంది. కరాచీలో హైదరాబాద్ కాలనీ అని ఒక పేట ఉంది, పచ్చళ్ళకు పేరుమోసింది. పోలీసు చర్య తర్వాత దక్కన్ నుంచి వెళ్ళినవారి వారసులు అక్కడున్నారు. వారి బంధువులు ఇంకా పాతబస్తీలో ఉన్నారు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ 1,265 కిలోమీటర్లయితే కరాచీ సుమారు 1,450, అంటే దాదాపు ఢిల్లీ ఉన్నంత దూరంలోనే. 1948లో ఆస్ట్రేలియన్ వైమానికుడు సిడ్నీ కాటన్ నిజాం ప్రభుత్వం కోసం రాత్రివేళల్లో కరాచీ నుంచి బీదర్, వరంగల్ విమాన క్షేత్రాలకు ఆయుధాలు చేరవేసిన దూరం కూడా అదే. అంతకు పదహారేళ్ళ ముందు, 1932 అక్టోబరు 15న, జేఆర్‌డీ టాటా ఒక చిన్న విమానంలో ఉత్తరాల సంచితో కరాచీలో బయల్దేరి అహ్మదాబాద్‌లో ఇంధనం నింపుకుని బొంబాయి జుహూలో దిగారు. ఎయిర్ ఇండియా పుట్టింది ఆ ప్రయాణంలోనే. నేడు అదే సంస్థ విమానాలు కరాచీ మీద ఆకాశాన్ని కూడా తాకడానికి వీల్లేదు. ఆయుధాలకు, ఉత్తరాలకు దొరికిన దారి పాతబస్తీలోని అక్కకూ కరాచీలోని తమ్ముడికీ దొరకదు. వీసాలు కూడా రద్దయ్యాక వారి మధ్య మిగిలింది ఫోన్ ఒక్కటే.

ఇవన్నీ ఇప్పుడే తెరవాలని ఎవరూ అడగబోరు, అడిగినా జరిగేది కాదు. చేయగలిగినది ఒకటుంది, దానికి పూర్వోదాహరణలూ ఉన్నాయి. 1988 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ప్రతి జనవరి 1న తమ అణుకేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. కార్గిల్ తర్వాత కూడా, ముంబయి దాడుల తర్వాత కూడా ఆ క్రమం ఆగలేదు. ఖైదీల జాబితాలు ఏటా రెండుసార్లు మారతాయి. ఆపరేషన్ సిందూర్ జరిగి రెండు నెలలైనా కాని 2025 జులై 1న కూడా మారాయి. 1991 ఏప్రిల్‌లో కుదిరిన గగనతల ఒప్పందం యుద్ధవిమానాలు సరిహద్దుకు పది కిలోమీటర్ల లోపు రాకూడదని నిర్దేశించింది. సింధు ఒప్పందం నిలుపుదలలో ఉండగానే 2025 ఆగస్టులో తావి నదికి వరద వస్తోందని భారత్ మానవతా దృష్టితో ఇస్లామాబాద్‌ను హెచ్చరించింది. నీళ్ళ విషయంలో చేయగలిగిన పని గాలి విషయంలో చేయలేమా?

కావలసింది చిన్న కాగితం. తుపాను మేఘం నుంచి తప్పుకోవడానికి పౌరవిమానం అడిగితే, సరిహద్దుకు అటూ ఇటూ ముందే నిర్ణయించిన వెడల్పులో, నిర్ణయించిన ఎత్తులో, నిర్ణయించిన నిమిషాలపాటు దారి ఇవ్వాలి. విమానం ఎవరిదన్న ప్రశ్న ఆ నిమిషాలకు వర్తించదు. రెండో దశలో వైద్య అవసరాల కోసం పోయే విమానాలను కూడా దానిలో చేర్చవచ్చు. ఇందుకు కొత్త యంత్రాంగం అక్కరలేదు. విదేశీ విమానాలు రోజూ ఆ సరిహద్దు దాటుతూనే ఉన్నాయి కనుక ఢిల్లీ, లాహోర్ నియంత్రణ కేంద్రాలు ప్రతిరోజూ ఒకదానికొకటి విమానాలను అప్పగించుకుంటూనే ఉన్నాయి. తీగ ఉంది, అవతల మాట్లాడే మనిషీ ఉన్నాడు. మే 10 మధ్యాహ్నం కాల్పుల విరమణ కుదిరింది కూడా ఇద్దరు సైనికాధికారుల మధ్య ఒక ఫోన్ సంభాషణతోనే.

పాకిస్తాన్ ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే ప్రపంచం ముందు ఆ నిరాకరణ దాని ఖాతాలో పడుతుంది. భారత్ ఏకపక్షంగానైనా తన వైపు ఆ నియమాన్ని ప్రకటించవచ్చు, పాకిస్తానీ విమానాలకు కూడా. పఠాన్‌కోట్ మీద ఉరుముల మేఘాలు ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఏటా వస్తాయి. ప్రతి నెలా మూడో వారంలో నోటీసు పొడిగించే అధికారి ఆ కాగితంలో ఇంకొక వాక్యం చేర్చడానికి మంత్రివర్గ సమావేశం కూడా అక్కరలేదు.